ముక్కలు యంత్రం పంచితే అనుమానం తీరుతుందా?

పెళ్లివారి విడిదిలోనైనా, సంక్రాంతికి అల్లుళ్లు చేరిన ఇంటిలోనైనా పేకాట దగ్గర తగాదా వచ్చేది ఎక్కువగా ముక్కలు పంచేచోటే. ‘సరిగా కలపలేదు’, ‘అడుగు ముక్క లాగాడు’ అన్న మాటలు వినని ఊరుండదు. ఈ పని యంత్రానికి అప్పగిస్తే గొడవే ఉండదు కదా అన్న ఆలోచన కొత్తదేమీ కాదు.

అమెరికాలోని చికాగోలో గడియారాల కంపెనీ నడిపిన లారెన్స్ హేమండ్ 1932లోనే ఇటువంటి బల్లను అమ్మకానికి పెట్టారు. ఇళ్లలో బ్రిడ్జి ఆడుకునేవారి కోసం చేసిన ఆ బల్లకు కరెంటు మోటారు ఉండేది. పేకను లోపల పెడితే తానే కలిపి నలుగురికీ పంచేది. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఈ బల్ల ఆయన కంపెనీని కొంతకాలం ఆదుకున్నది. తర్వాత ఆయన పేరు నిలిపింది మాత్రం హేమండ్ ఆర్గాన్ అనే వాద్యం.

ఒక్కొక్క ముక్కే రావాలి

యంత్రం చేయదలచినవారికి మొదటి చిక్కు, రెండు ముక్కలు ఒకేసారి రాకుండా చూడటం. ముక్క మందం సుమారు 0.3 మిల్లీమీటరు. రబ్బరు చక్రం ముక్కను లాగుతుంది. బయటకు వచ్చే సందు ఒక ముక్కకు సరిపడాలి, రెండింటికి చాలకూడదు. చేతి చెమటకు జిగురెక్కినవి, వానాకాలం చెమ్మకు ఉబ్బినవి ఇక్కడే ఇరుక్కుంటాయి. ఇందుకు కాగితపు ముక్కలకన్న ప్లాస్టిక్‌వి మేలు.

రెండో చిక్కు లెక్క. రమ్మీకి ఆరుగురు కూర్చుంటే తలా 13 చొప్పున 78 ముక్కలు పంచాలి. ఒక్కటి తప్పినా ఆట మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని దారిలో సన్నని వెలుతురు పడేటట్లు చేసి, ముక్క దానికి అడ్డం వచ్చినప్పుడల్లా లెక్కించే ఏర్పాటు పెడతారు.

కలపడమే కష్టం

పంచడం కన్నా కలపడం కష్టం. పేకను రెండు భాగాలు చేసి, ఒకదానిలో ఒకటి దూరేటట్లు కలిపితే, 52 ముక్కలు బాగా కలవడానికి సుమారు 7 సార్లు కావాలని బేయర్, డయకోనిస్ అనే గణిత శాస్త్రజ్ఞులు 1992లో లెక్కకట్టారు. జూదశాలల కోసం తయారైన ఒక యంత్రాన్ని కూడా డయకోనిస్ బృందం పరీక్షించింది. ఆ యంత్రం ముక్కలను 10 అరల్లో వేసి కలిపేది. తెలివిగా ఊహించేవాడు 52లో సగటున 9 ముక్కలకు పైగా ముందే చెప్పగలడని తేలింది. బాగా కలిసిన పేకలో అయితే నాలుగైదుకు మించి చెప్పలేడు. ఈ వివరాలు 2013లో అచ్చయ్యాయి. అదే యంత్రంలో పేకను రెండుసార్లు వేస్తే ఆ లోపం చాలావరకు పోతుందని వారే సూచించారు.

సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1968లో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అన్నది. ఆ నేర్పుకు విలువ ఉండాలంటే ఎవరికి ఏ ముక్క వస్తుందో ఎవరికీ తెలియకూడదు. యంత్రానికి చేతివాటం లేకపోవచ్చు గాని, ఒకే తీరు పనిచేసే అలవాటు ఉంటుంది. కనుక యంత్రమున్న ఇంటిలో కూడా పేకను రెండుసార్లు కలిపించి, పక్కవారి చేత కట్ చేయించడం మంచిది. డబ్బు పందెం కాస్తే మాత్రం, పంచింది యంత్రమే అన్నంత మాత్రాన చట్టం ఊరుకోదు.