వలస మిగిల్చిన బాల్యవేదన

పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనములు చేరులోపలనే తమ జలమును కోల్పోవగా, తూర్పుతీరమునకు దూరమగుటచే ఈశాన్యపవనములును రిక్తములై రాగా, సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షముతో బ్రతుకీడ్చు అనంతపురము పీఠభూమిలో, సెనక్కాయ పంట యెండిన యేడు ఊళ్లకు ఊళ్లు బెంగుళూరు కట్టుబడి పనులకో కేరళ కూలికో తరలిపోవుట మనకెల్లరకు తెలిసిన విషయమే. ఎండిన చేలను గూర్చియు, అప్పులబాధకు ప్రాణములు తీసికొనిన రైతులను గూర్చియు పత్రికలు చాల వ్రాసినవి. అవ్వయొద్ద విడువబడిన బిడ్డ పెద్దయై, బిడ్డలతల్లియైన పిమ్మట ఆమె లోపల నేమి మిగిలినదో అడిగినవారు తక్కువ.

తెల్లవారుజాము బస్సుకు పోవలసిన తల్లి, బిడ్డ మేల్కొన్నచో ఏడ్చి వెంటబడునను భయముచే, నిద్రలో తన కొంగును పట్టుకొనియున్న చిన్న వ్రేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, ఆ చేతిలో పాతచీర చెఱగొకటి పెట్టి, మూట నెత్తికెత్తుకొని వెడలిపోవును. తెల్లవారినపుడు ‘అమ్మ యాడికి పోయింది జేజీ?’ అని యడుగు బిడ్డకు ‘సంతకు పోయిందిలే నాయనా, వస్తాది’ అని ముసలమ్మ చెప్పును. అమ్మ వచ్చునది ఏ ఉగాదికో. ఆ యసత్యమున దయయే గాని ద్రోహము లేదు. ఐనను అయిదేండ్ల బుద్ధికి అనావృష్టి యననేమో, వడ్డీ యననేమో తెలియదు గనుక, తాను అల్లరి చేసినందుననే అమ్మ పోయినదని ఆ పసిమనస్సు తనపై తానే తీర్పు చెప్పుకొనును.

ఆ తీర్పు వయస్సుతో చెరగిపోదు. భర్త ఫోను ఎత్తకున్నచో గుండె దడదడలాడు ఇల్లాలు, బిడ్డ జ్వరముతో మూల్గుచుండగా కన్నీరు రాక కోపమే వచ్చు తండ్రి, ఎవ్వరిని ఏ సాయమును అడుగనేరని ఉద్యోగి, వీరు తమ స్వభావమే యింతయని తలంతురు. తల్లి యెడబాటు శిశువు చిత్తముపై వేయు ముద్రను 1951లో ప్రపంచారోగ్యసంస్థకు సమర్పించిన నివేదికలో జాన్ బౌల్బీ అను మానసికవైద్యుడు వివరించెను. 1998లో ఫెలిట్టి, ఆండా అను అమెరికా వైద్యులు వేలమంది వయోజనులను విచారించి, బాల్యమున హింసయు కుటుంబక్లేశములును పెరిగినకొలది పెద్దతనమున విషాదరోగము, మద్యవ్యసనము, హృద్రోగము అధికమగునని చూపిరి. ప్రమాదము పెరుగుట వేరు, జీవితము ముందే నిర్ణయమై పోవుట వేరు. ఈ భేదమును మరువరాదు.

‘అమ్మ మాత్రమేమి చేయును, మాకోసమే గదా పోయినది’ అని చాలమంది తమ చిన్ననాటి దుఃఖమునకు నోరు మూయుదురు. ఇంక పెద్దలైతే ‘అందరూ పడలేదా, నువ్వొక్కదానివేనా?’ అందురు. తల్లి నిర్దోషి యనుట నిజము; బిడ్డ గాయపడెననుటయు నిజము. ఈ రెండు నిజములను ఒక్కచోట నిలుపగలుగుటయే మాన్పునకు ఆరంభమని నా దృఢవిశ్వాసము. తీర్పు చెప్పక, సలహా లీయక వినగల యొకరితో ఆ దినములను ఉన్నదున్నట్లు చెప్పుకొనవలెను. చెప్పుటకు నోరు రానివారు వ్రాసికొనవలెను. తల్లి బ్రతికియున్నచో, నిందింపక, ‘ఆ పొద్దు బస్సులో నువ్వేం చేసినావమ్మా?’ అని యొక్కమాట అడుగవలెను. ఆ ప్రశ్న ఆమెను ఎవ్వరును అడిగియుండరు. ఆమె మౌనము వహించినచో బలవంతపెట్టరాదు. బిడ్డ తన పాలి దుఃఖమును తాను ఏడ్చి తీర్చుకొనుటకు ఆమె యనుమతి అక్కరలేదు. ఇట్లు తేరుకొనినవారు, తామే వలసపోవలసి వచ్చినను, బిడ్డను నిద్రలేపి, ఎక్కడికి పోవుచున్నారో, ఏ పండుగకు వచ్చెదరో చెప్పి, ఏడ్చినను ఏడ్వనిచ్చి మరీ పోవుదురు.

నిద్ర కరవై, త్రాగుడు పెరిగి, చావు తలంపులు వచ్చునపుడు మాత్రము వైద్యుని సాయము తప్పనిసరి. పొరుగుననున్న బళ్లారి జిల్లాలో 1980వ దశకమున బెంగుళూరులోని మానసికారోగ్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు పల్లె ఆరోగ్యకేంద్రముల సిబ్బందికి మానసికచికిత్స నేర్పి చూపిన మార్గమే 1996లో ఆరంభమైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు ఆధారమైనది. 2022 అక్టోబరునుండి టెలీమానస్ అను మానసికారోగ్య సహాయవాణి సంఖ్య 14416కు రేయింబవళ్లు ఏ వేళనైనను, ఖర్చులేకుండ, తెలుగులోనే ఫోను చేసి మాటలాడవచ్చును.