తోడు పెట్టిన గిన్నె

మా మనవరాలు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. జీవశాస్త్రం. పగలంతా చిన్న చిన్న పళ్లేల్లో కణాలు పెంచుతుంది. రెండు మూడు రోజులకోసారి వాటికి పోషక ద్రవం మార్చాలి. పండగైనా పబ్బమైనా ఆ పని ఆగదు. తెల్లవారుజామున ఈత, సైకిలు, పరుగు. గోవాలో 2019లో మొదలైన హాఫ్ ఐరన్‌మ్యాన్ పోటీకి పేరిచ్చింది. సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈది, ఒడ్డుకొచ్చి 90 కిలోమీటర్లు సైకిలు తొక్కి, దిగీదిగగానే 21.1 కిలోమీటర్లు పరిగెత్తాలి. మధ్యలో విరామం లేదు.

పోయిన నెల ఒక రాత్రి ఫోన్ చేసింది. "తాతయ్యా, మూడు వారాలుగా ఒక్క రోజు కూడా మానలేదు. అయినా వేగం తగ్గుతోంది. నిన్న ల్యాబ్‌లో రెండు ట్యూబుల మీద ఒకే నంబరు రాశాను, రెండూ పారబోయాల్సి వచ్చింది. రెండిట్లో ఏదో ఒకటి వదిలెయ్యనా?" అంది. గొంతు వణికింది.

"వదిలే సంగతి తర్వాత చూద్దాం తల్లీ. ఎన్నింటికి పడుకుంటున్నావు?"

"పన్నెండింటికి. నాలుగున్నరకి లేస్తాను."

"పొద్దున లేవగానే నాడి ఎంత కొట్టుకుంటోంది?"

"ఇదివరకు 54 ఉండేది. ఈమధ్య 62 చూపిస్తోంది."

నాకు అర్థమైంది. కదలకుండా పడుకున్న మనిషి గుండె అలా రోజు తర్వాత రోజు మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటోందంటే, నిన్నటి శ్రమ ఇంకా తీరలేదని ఒళ్లు చెబుతున్నట్టు. జ్వరం వచ్చే ముందూ అలా పెరగొచ్చు గనుక అదీ అడిగాను. లేదంది.

"అమ్మమ్మ పాలు తోడు పెట్టడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు కదా" అన్నాను. గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు కలపడానికి అర నిమిషం పడుతుంది. తర్వాత మూత పెట్టి, ఎవరి చెయ్యీ తగలని మూలకు జరుపుతుంది. పెరుగు తయారయ్యేది చెంచా తిప్పినప్పుడు కాదు, ఆ మూలన. కంటికి కనపడని బాక్టీరియా పాలలోని చక్కెరను తిని పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపుకి పాల ప్రొటీను పోగులు ఒకదానికొకటి అల్లుకుని వలలా నిలబడతాయి. వల అల్లుకుంటున్నప్పుడు గిన్నె కదిపితే పోగులు తెగి నీరు ఊరుతుంది. గంటకోసారి చెంచా పెట్టి చూస్తే ఎంత మంచి తోడైనా గడ్డ పెరుగు రాదు.

సాధన కూడా అలాంటి తోడే, విశ్రాంతి ఆ మూల. ఈ తోడు కండరాల్లో ఎలా పనిచేస్తుందో ఒక ఎలుక చెప్పింది. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హొలోజీ అనే వైద్యుడు ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కండరాలను పరీక్షించాడు. కణాల్లో ఇంధనాన్ని ఆక్సిజన్‌తో మండించే పొయ్యిలుంటాయి, మైటోకాండ్రియా అంటాం. పరిగెత్తిన ఎలుకల కండరాల్లో ఆ పొయ్యిల సత్తువ ఇంచుమించు రెట్టింపయింది. ఓర్పు అనే మాటకు అప్పుడు కణంలో ఒక చిరునామా దొరికింది. అయితే పరుగు ఆ పొయ్యిలు కావాలని కబురు మాత్రమే పంపుతుంది. వాటిని కట్టే పని పరుగు ఆగాకే, గంటల మీద, రోజుల మీద నడుస్తుంది. గాఢనిద్ర పట్టిన తొలి గంటల్లో పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోనును పెద్ద మోతాదులో వదులుతుంది. చిరిగిన పోగులకు మరమ్మతు చేయడంలో దానికీ పాత్ర ఉంది.

రెండో ఎలుక కథ చదువుకు సంబంధించింది. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో సన్నటి తీగలు అమర్చి, అవి తిరుగుతున్నప్పుడు ఏ ఏ కణాలు కలిసి మోగుతున్నాయో రాసుకున్నారు. తర్వాత ఎలుకలు నిద్రపోయాయి. మెలకువలో జతగా మోగిన కణాలే నిద్రలోనూ జతగా మోగాయి. పగటి దారిని మెదడు రాత్రి మళ్లీ నడిచి చూసుకుంటోంది. చదివింది నిలవడానికి ఆ రాత్రి నడక కావాలి.

ఈ రెండు ఎలుకలనూ పక్కపక్కన పెట్టి చూడడం నాకు ఎంతో ఇష్టం. కాళ్లకొక విశ్రాంతి, తలకొక విశ్రాంతి విడివిడిగా వెతకాలేమో అని మా పిల్ల భయపడింది. అక్కర్లేదు. ఒకే రాత్రిలో రెండు గిన్నెలూ తోడుకుంటాయి. ఆ రాత్రిని కోసేస్తే మాత్రం రెండూ ఒకేసారి విరుగుతాయి. వేగం తగ్గడమూ, ట్యూబుల మీద నంబర్లు తప్పడమూ ఒకే వారంలో జరిగాయంటే అదే కారణం.

"కాఫీతో నెట్టుకొస్తున్నాను తాతయ్యా" అంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది, నిద్ర ముంచుకొచ్చేది దానివల్లే. కాఫీ దాన్ని తీసెయ్యదు, అది కూర్చోవాల్సిన పీటల మీద తను కూర్చుంటుంది, అంతే. కాఫీ లేచిపోయాక అడినోసిన్ వచ్చి కూర్చుంటుంది.

కాగితం తీసుకోమన్నాను. వారానికి 168 గంటలు. ల్యాబుకి 55, రోజుకు ఎనిమిది చొప్పున నిద్రకు 56, సాధనకు 10. ఇంకా 47 మిగిలాయి. వంటకీ, బట్టలకీ, స్నేహితులకీ, మాతో కబుర్లకీ అవి చాలు. తను చేస్తున్న లెక్కలో నిద్ర 31 గంటల 30 నిమిషాలు, సాధన 14 గంటలు. వారానికి ఒక రోజుకు పైగా నిద్ర అప్పు!

"పది గంటలతో గోవా వెళ్లగలనా?" వెళ్లగలవు, అందులో ఎక్కువ భాగం మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంతో చేస్తే. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త దూరపు పోటీల్లో ఆరితేరినవాళ్ల సాధన లెక్కలు పరిశీలించాడు. వాళ్లు వేసే ప్రతి పది పూటల్లో ఇంచుమించు ఎనిమిది నెమ్మదిగానే సాగుతాయి. మా పిల్ల టైము దొరకడం లేదన్న ఆత్రంతో ప్రతి పూటా రొప్పుతూ చేసింది. నడిమధ్య మంట మీద రోజూ మాడింది.

చదువుకుంటూ దీన్ని చేసినవాళ్లున్నారా అని అడిగితే ఇద్దరి సంగతి చెప్పాను. ఐరన్‌మ్యాన్ 1978లో హవాయి దీవుల్లో పదిహేనుమందితో మొదలైంది. పూర్తి పోటీలో ఈత 3.8, సైకిలు 180, పరుగు 42.2 కిలోమీటర్లు. 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే 23 ఏళ్ల విద్యార్థిని అక్కడికి వెళ్లింది. వ్యాయామ శరీరశాస్త్రంలో ప్రాజెక్టు రాయడానికి తన ఒంటినే ప్రయోగశాల చేసుకుంది. ముందంజలో ఉండి, ముగింపు గీతకు కొన్ని అడుగుల దూరంలో కాళ్లు చచ్చుబడి కూలిపోయింది. వెనకున్న క్యాథలీన్ మెకార్ట్నీ దాటిపోయింది. జూలీ చేతుల మీద పాకి గీత ముట్టుకుంది, 29 సెకన్ల తేడాతో రెండోది. టీవీలో ఆ పాకడం చూసి ఎందరో ఈ ఆటలోకి వచ్చారు.

రెండో ఆమె ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్. గణితంలో డాక్టరేట్. మొదట్లో ట్రయథ్లాన్‌లు, అంటే ఇలాంటి మూడు ఆటల పోటీలు చేసేది, పరుగులో దెబ్బ తగిలాక సైకిలుకు మారింది. స్విట్జర్లాండ్‌లో పరిశోధన చేస్తూనే 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్లింది. వృత్తి జట్టుతో ఒప్పందమైనా లేదు. ఏం తినాలో, ఎప్పుడు ఎంత సాధన చెయ్యాలో తనే లెక్క కట్టుకుంది. 137 కిలోమీటర్ల రోడ్డు పోటీలో మొదటి నుంచే ముందుకు దూసుకెళ్లి, 75 సెకన్ల తేడాతో బంగారు పతకం గెలిచింది. రెండోగా వచ్చిన ఆమె తనే గెలిచాననుకుని చేతులెత్తింది. ముందొక గణిత శాస్త్రవేత్త వెళ్లిపోయిందని ఆమెకు తెలియలేదు.

మూడు వారాల తర్వాత మళ్లీ ఫోన్. నాడి 55కి దిగింది. ఈసారి తిండి ప్రశ్న. 90 కిలోమీటర్ల సైకిలు మీద ఏం తినాలి?

ఒంట్లో కొవ్వు గాదెలో ధాన్యం లాంటిది. సన్నటి మనిషిలోనూ రోజులకు సరిపడా ఉంటుంది, కానీ దంచి, చెరిగి తెచ్చుకోవాలి. గ్లైకోజెన్ వంటింట్లో బియ్యపు డబ్బా. కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100. గట్టిగా శ్రమిస్తే రెండు గంటల్లో అడుగు కనపడుతుంది. అందుకే దారిలో పోస్తూ ఉండాలి. పేగు గోడల్లో గ్లూకోజ్ దూరే గుమ్మం గంటకు 60 గ్రాములకు మించి పట్టదు. ఫ్రక్టోజ్‌కి వేరే గుమ్మం ఉంది. బెల్లంలో ఎక్కువగా ఉండే సుక్రోజ్ విడిపోతే సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. బియ్యం పిండిపదార్థం అరిగితే అంతా గ్లూకోజే. రెండూ కలిసిన వస్తువు మనింట్లోనే ఉంది.

"మరమరాల ఉండలా?" అంది.

వేరుశనగ పట్టీ వద్దన్నాను, నూనె ఎక్కువ గనుక కడుపులో నెమ్మదిగా కదులుతుంది. పోటీ రోజున మొదటిసారి తినొద్దనీ, ఆదివారాల సాధనలోనే కడుపుకి అలవాటు చెయ్యమనీ చెప్పాను. ఈ మాటలు విన్న వాళ్ల అమ్మమ్మ అప్పుడే పొయ్యి మీద పాకం పెట్టింది. ఉండ ఒక్కోటి 20 గ్రాములు తూగింది. గంటకు మూడు. నాలుగు ఆదివారాలకు లెక్కకట్టి, డబ్బా మూతకు టేపు వేసి, పొద్దుటి బస్సులో పంపించింది.