నివాసవాహనమున విద్యుత్తు నిలువను పెంచుట యెట్లు?

అమెరికాలో నివాసవాహనములపై దేశాటనము చేయు కుటుంబములు, విద్యుత్తు తీగ లేని అరణ్యప్రాంతములలో విడిది చేసినపుడు, దీపములకును నీటిపంపునకును శక్తి నొసగునది, ఇంజనును స్టార్టుచేయు బ్యాటరీ కాక, వేరుగా నమర్చిన గృహబ్యాటరీయే.

అది చాలనిచో నేమి చేయవలెను? 12 వోల్టుల బ్యాటరీలు రెంటిని సమాంతరముగా కలిపినచో వోల్టులు మారక, ఆంపియర్-గంటలు రెట్టింపగును. 6 వోల్టుల గోల్ఫుబండి బ్యాటరీలు రెంటిని శ్రేణిలో కలిపినచో 12 వోల్టులతో రమారమి 220 ఆంపియర్-గంటలు తక్కువ వెలకే లభించును. అయితే సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీచేసి, వెంటనే నింపక విడిచినచో, ఫలకములపై సీసపు సల్ఫేటు గట్టిపడి ఆయువు క్షీణించును గనుక, ఆ 220లో మన వాడుకకు వచ్చునది 110 మాత్రమే. పాతదానికి క్రొత్తదానిని జోడించుటయు వలదు. బలహీనమైనది రెండవదానిని గూడ క్రుంగదీయును.

లిథియం ఇనుము ఫాస్ఫేటు బ్యాటరీ వెల హెచ్చే. కాని 100 ఆంపియర్-గంటలలో 80 నిస్సంకోచముగా వాడుకొని, వేలసార్లు మరల నింపవచ్చును గనుక, నిత్యము బండిలోనే నివసించువారికి తుదకు అదియే చౌక. ఏటికి రెండు వారములు తిరుగువారికి సీసమే చాలునని నా తలంపు. నీరు గడ్డకట్టు చలిలో లిథియం బ్యాటరీని ఛార్జి చేయరాదు. లిథియము లోహరూపమున లోపల పేరుకొని కణమును చెఱచును.

ఇంతకును, పాత బల్బులు తీసి ఎల్.ఇ.డి. దీపములు పెట్టినచో, ఇంచుమించు అయిదవవంతు విద్యుత్తుతోనే అంత వెలుగును వచ్చును. కొందఱికి క్రొత్త బ్యాటరీ కొనవలసిన పనియే యుండదు.