ఓడిన గుర్రానికి గడ్డి పంపారు!

ఆటలో గుర్రానికి ముసలితనం రాదు. మూడేళ్లు పరుగెత్తించి పక్కన పెట్టేస్తే సరి. మరి నిజం గుర్రమో? ఓ ఆన్‌లైన్ ఆట, దాన్ని ఆడేవాళ్లు, ఓ ముసలి గుర్రం... ముగ్గురినీ కలిపిన కథ ఇది.

ఒకటి కాదు, రెండు కాదు, ఏకంగా 113 పందేలు. ఒక్కటీ గెలవలేదు. అయినా ఎన్నో కప్పులు గెలిచిన గుర్రాలకు రాని పేరు దానికొచ్చింది. దాని పేరు హరు ఉరారా.

1996 ఫిబ్రవరిలో జపాన్‌లోని హొక్కైడోలో పుట్టిందా ఆడగుర్రం. 1998 నవంబరులో కోచి రేసుకోర్సులో (కేరళ కొచ్చి కాదు, షికోకు దీవిలోని కోచి) తొలిసారి పరుగెత్తి ఆఖరున వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడైనా రెండో స్థానం, మూడో స్థానం వచ్చాయేమో కానీ మొదటి స్థానం మాత్రం అందలేదు. 2003 నాటికి ఆ రేసుకోర్సు పరిస్థితీ అంతంతమాత్రమే. నేడో రేపో మూతపడేలా ఉంది. సరిగ్గా అప్పుడే ఈ ఓటముల గుర్రం సంగతి పత్రికలకెక్కింది. ఓడినా మళ్లీ బరిలోకి దిగే ఉరారాలో జనం తమను తాము చూసుకున్నారు. 2004 మార్చి 22న పేరుమోసిన జాకీ యుటాకా టాకే దానిపై స్వారీ చేస్తుంటే చూడ్డానికి సుమారు 13 వేలమంది వచ్చారు. ఆ ఒక్క పందెం మీదే 50 కోట్ల యెన్లకు పైగా కాశారు. ఉరారా ఏం చేసింది? పదకొండు గుర్రాల్లో పదోదిగా వచ్చింది!

మనం లాటరీ తగిలింది అంటాం చూడండి, జపనీయులూ అంతే. పందెం తగలడానికీ, కారు తగలడానికీ వాళ్లకు ఒకటే మాట. అందుకే ఎప్పుడూ 'తగలని' ఉరారా టికెట్టును, ప్రమాదం తగలకుండా తాయెత్తులా దాచుకున్నారట. ఆ ఏడాది ఆగస్టు 3 తర్వాత ఉరారా మళ్లీ పందెంలో పరుగెత్తలేదు.

తాతముత్తాతల లెక్క

2021 ఫిబ్రవరిలో సైగేమ్స్ సంస్థ జపాన్‌లో 'ఉమమసుమె: ప్రెటీ డెర్బీ' అనే మొబైల్ ఆటను విడుదల చేసింది. నిజంగా పరుగెత్తిన గుర్రాలే ఇందులో పాత్రలు. కాకపోతే గుర్రం చెవులు, తోక ఉన్న బడిపిల్లల రూపంలో ఉంటాయి. ఆడేవాళ్లు వాళ్లకు శిక్షకులు. ఒక్కో మలుపూ పదిహేను రోజులు. అలా 72 మలుపుల్లో మూడేళ్లూ గడిచిపోతాయి. చివరి పోటీలయ్యాక ఇక రిటైర్‌మెంటే. ఆ మర్నాటి నుంచీ ఆ గుర్రం పని, తర్వాత వచ్చేవాళ్లకు తల్లో తండ్రో కావడం.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. కొత్త గుర్రాన్ని మొదలెట్టే ముందు ఇద్దరు 'పెద్దల్ని' ఎంచుకోవాలి. వాళ్ల వెనక వాళ్ల పెద్దలు నలుగురు. వెరసి ఆరుగురి గుణాలూ పిల్లకు వస్తాయి. మన దగ్గర మంచి వంశం లేకపోతే స్నేహితుడి గుర్రాన్ని అరువు తెచ్చుకోవచ్చు, రుసుము కట్టి మరీ.

హరు ఉరారా కూడా ఈ ఆటలో ఉంది. మట్టి నేల మీద పొట్టి పందేలకు పనికొస్తుంది. పచ్చిక మీద, దూరప్పందేల్లో దాని మార్కు 'జి', అంటే అట్టడుగు. అయితే కథలో దాని చివరి పందెం అరిమా కినెన్. పచ్చిక మీద 2,500 మీటర్లు! పాల్గొంటే చాలు, గెలవక్కర్లేదు. కానీ ఆడేవాళ్లు ఊరుకుంటారా? నిజజీవితంలో గెలవనిదాన్ని ఇక్కడైనా గెలిపించాలని పంతం. పెద్దల దగ్గరున్న నక్షత్రాలు పది పోగైతే 'జి' నాలుగు మెట్లెక్కి 'సి' అవుతుంది. ఒక్కొక్కరి దగ్గర ఉండేది గరిష్ఠంగా మూడే. ఆరుగురివీ కలిపితే 18. పచ్చికకు పది, దూరానికి పది కావాలంటే ఎక్కణ్నుంచి వస్తాయి? పిల్లకు సంబంధాలు చూసేవాళ్లు కూడా ఇన్ని లెక్కలు వేసి ఉండరు.

నిజం గుర్రం గడ్డి తింటుంది

ఆట ఇక్కడితో ఆగిపోతుంది. పాత గుర్రాలు ఎక్కువై చోటు చాలకపోతే ఒక్క నొక్కుతో తీసేయొచ్చు.

నిజం గుర్రంతో అలా కుదరదు. పదకొండు నెలలు తల్లి కడుపులో ఉండి పుడుతుంది. రెండేళ్లకు పందెంలోకి దిగుతుంది. ఐదారేళ్లకు చాలావాటి పరుగు అయిపోతుంది. బతికేది మాత్రం పాతిక నుంచి ముప్ఫై ఏళ్లు. జపాన్‌లో ఏటా ఏడువేలకు పైగా పందెపు గుర్రప్పిల్లలు పుడుతుంటాయి. మగవాటిలో సంతానోత్పత్తికి ఉంచేది ఏ కొద్దింటినో. మిగిలినవాటి సంగతేంటి? అయిదొందల కిలోల గుర్రం రోజుకు పది కిలోల దాకా ఎండుమేత తింటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. వయసు మీదపడితే పళ్లు అరిగిపోతాయి, మేత మెత్తగా ఉండాలి. పైసా తెచ్చిపెట్టని గుర్రానికి ఇరవయ్యేళ్లపాటు ఇవన్నీ ఎవరు చేస్తారు?

ఆట వచ్చిన కొద్దివారాలకే ఓ జవాబు దొరికింది. నైస్ నేచర్ అనే గుర్రం 1991 నుంచి వరసగా మూడేళ్లు అరిమా కినెన్‌లో మూడోస్థానంలో నిలిచింది. పందేలు మానేశాక కొన్నేళ్లు సంతానోత్పత్తికి పనికొచ్చింది. రిటైరైన గుర్రాల బాగోగులు చూసే ఓ సంఘం, దాని పుట్టినరోజునాడు విరాళాలు అడిగేది. 2021 ఏప్రిల్‌లో దానికి 33 ఏళ్లు నిండాయి. అడిగింది 20 లక్షల యెన్లు. వచ్చింది 3.5 కోట్లకు పైనే! ఇచ్చినవాళ్లలో ఆ ఆట అభిమానులు ఎందరో. 2023లో అది 7.4 కోట్లకు చేరింది. ఆ సొమ్ము మరికొన్ని ముసలి గుర్రాలకూ ఆసరా అయింది. అదే ఏడాది మే 30న 35 ఏళ్ల వయసులో నైస్ నేచర్ కన్నుమూసింది.

ఇక ఉరారా. పందేలయ్యాక చేతులు మారి, చివరికి టోక్యోకు దగ్గర్లోని చిబా ప్రాంతంలో ఓ చిన్న పొలానికి చేరింది. 2025 జూన్‌లో ఆట ఇంగ్లిషులోనూ వచ్చింది. ఆటలో ఉరారాను గెలిపించలేక తంటాలు పడుతున్నవాళ్లకు అసలుది ఇంకా బతికే ఉందని తెలిసింది. రిటైరైన గుర్రాలకు పచ్చగడ్డి కానుకగా పంపే వెబ్‌సైట్ ఒకటుంది. విదేశాల నుంచి ఒక్కసారిగా అంతమంది వచ్చిపడేసరికి అది కాస్తా మొరాయించింది. ఉరారా పేరు మీద అందిన గడ్డి రెండున్నర టన్నుల పైమాటే!

ఆ గడ్డి ఎన్నాళ్లో తినలేదు. 2025 సెప్టెంబరు 9న, 29 ఏళ్ల వయసులో, కడుపునొప్పి వచ్చి చనిపోయింది. ఆటలోని ఉరారాకు మాత్రం మూడో ఏడాది డిసెంబరులో అరిమా కినెన్ ఉంది. దానికోసం ఎవరో ఓ నక్షత్రం ఎక్కువున్న తాతను ఇంకా వెతుకుతూనే ఉన్నారు.