మురుగునీటి లక్షణాలు – శుద్ధి విధానాల ఎంపిక: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం

మురుగునీటిని ఏ పద్ధతిలో శుద్ధి చేయాలో ఆ నీటి భౌతిక, రసాయనిక, జైవిక లక్షణాలే నిర్ణయిస్తాయి. నీటి వాడకం, మరుగుదొడ్ల నిర్మాణం, పరిసరాల్లోని వృత్తులు, పరిశ్రమలు మారితే ఈ లక్షణాలు మారతాయి. పూర్వపు వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన మూడు జిల్లా కేంద్రాల పరిసరాలను ఉదాహరణలుగా తీసుకొని ఈ సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మురుగునీరు, జీవరసాయన ఆక్సిజన్ అవసరం, సెప్టిక్ ట్యాంకు, గనినీరు, ఉప్పుడు బియ్యం, శుద్ధి ప్రమాణాలు.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు జిల్లా కేంద్రాలయ్యాయి. కార్యాలయాలు, వసతిగృహాలు, దవాఖానలు పెరిగే చోట మోరీల్లో పారే నీరూ పెరుగుతుంది. 2011 జనగణన నాటికి మూడూ సుమారు నలభై, యాభై వేల జనాభా గల పట్టణాలే. అయినా వాటి పరిసరాల్లో పుట్టే వ్యర్థజలాలకు పోలిక తక్కువ. జనగామది రాతినేల గల మెట్టప్రాంతం. మహబూబాబాద్ జిల్లా వరికి, మిర్చికి పేరుపడ్డది. అక్కడి నీరు మున్నేరు గుండా కృష్ణను చేరుతుంది. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల పట్టణం. అక్కడి వాగులు గోదావరిని చేరతాయి.

ఇక్కడ భాషాపరమైన చిక్కు ఒకటుంది. వంటింటి నీరు, మరుగుదొడ్డి నీరు, మిల్లు నీరు, గనినీరు అన్నింటినీ తెలుగులో 'మురుగు' అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాం. 'శుద్ధి' అన్న మాట మరింత ఇబ్బందికరం. అది సంపూర్ణ నిర్మలత్వాన్ని స్ఫురింపజేస్తుంది. ఇంజనీరు దృష్టిలో శుద్ధి అంటే నిర్దిష్టమైన కొన్ని పదార్థాలను నిర్దిష్టమైన స్థాయికి తగ్గించడం మాత్రమే. ఏ పదార్థాన్ని, ఎంత మేరకు అన్న ప్రశ్న వేయకుండా శుద్ధి కేంద్రం గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

2. మురుగునీటి గాఢత

మురుగునీటి గాఢతకు ప్రధానమైన కొలత జీవరసాయన ఆక్సిజన్ అవసరం, వాడుకలో బీఓడీ. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు ఆహారంగా తీసుకొనేటప్పుడు వాటికి ఎంత ఆక్సిజన్ కావాలో ఇది తెలుపుతుంది. ఈ కొలతను ప్రచారంలోకి తెచ్చిన ఘనత బ్రిటన్‌లోని మురుగునీటి రాయల్ కమిషన్‌ది. దాని 1912 నాటి నివేదిక ఇందులో కీలకం. చల్లని దేశానికి కుదిరిన ఐదు రోజుల పరీక్షకు బదులు మన దేశంలో 27 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు రోజుల పరీక్షను అనుసరిస్తున్నారు. వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పనిచేస్తాయి కనుక రెండింటి ఫలితాలూ దాదాపు సమానంగా ఉంటాయి.

కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ 2013లో ప్రచురించిన మార్గదర్శక గ్రంథం మనిషికి రోజుకు 27 గ్రాముల బీఓడీని లెక్కిస్తుంది. ఒక వ్యక్తికి 135 లీటర్ల నీరు సరఫరా అయి, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తే అది 108 లీటర్లు. 27 గ్రాములను అందులో కలిపితే లీటరుకు 250 మిల్లీగ్రాములు. శుద్ధి కేంద్రాల నమూనా పత్రాల్లో తరచు కనిపించే సంఖ్య ఇదే. మిషన్ భగీరథ పట్టణాలకు నిర్దేశించిన సరఫరా కూడా 135 లీటర్లే కాబట్టి లెక్క సరిపోయినట్టు తోస్తుంది. కానీ ఎండకాలంలో ఒక మెట్ట పట్టణంలోని ఇంటికి 70 లీటర్లే అందితే? తిరిగి వచ్చేది 56 లీటర్లు. మనిషి విసర్జించేది మారదు. అప్పుడు బీఓడీ లీటరుకు 480 మిల్లీగ్రాములు దాటుతుంది. జనగామ వంటి చోట ఈ ప్రశ్న ఊహామాత్రం కాదు. నీటి కొరత మురుగును తగ్గించదు, చిక్కబరుస్తుంది. అదే గాలి యంత్రం అప్పుడు అదే నీటికి చాలదు. ఆక్సిజన్ అందని తొట్టి నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది.

బోరునీటి వాడకం ఎక్కువైన చోట మరొక అంశాన్ని గమనించాలి. రాతిపొరల నుంచి కరిగి వచ్చే లవణాలు, కాఠిన్యం ఇంటి నుంచి మోరీకి అలాగే చేరతాయి. జైవిక శుద్ధి వాటిని తొలగించదు. అటువంటి నీటిని సాగుకు మళ్లించేటప్పుడు బీఓడీ ఒక్కటే చూసి సరేననడం పొరపాటు.

3. మోరీ నీరు, ట్యాంకరు బురద

పై లెక్క అంతా మరుగుదొడ్డి నీరు, స్నానపు నీరు ఒకే గొట్టంలో పారుతాయన్న భావనపై ఆధారపడింది. తెలంగాణలోని చిన్న పట్టణాల్లో అధికభాగం ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే ఆధారం. మలంలోని ఘనభాగం ట్యాంకులో నిలిచిపోతుంది. మోరీలోకి వచ్చేది ప్రధానంగా స్నానపు, వంటింటి, బట్టల నీరు, దానితోపాటు ట్యాంకుల నుంచి పొర్లే ద్రవం. కాబట్టి మోరీ చివర నిర్మించే కేంద్రానికి పుస్తకంలోని 250 కంటే పలుచని నీరు రావచ్చు, నీటి కొరత ఉంటే చిక్కని నీరూ రావచ్చు. ఆకలితో ఉన్న సూక్ష్మజీవుల తొట్టి కూడా సరిగా పనిచేయదు. మోరీ తెరిచి ఉంటుంది కనుక ఇసుక, ప్లాస్టిక్, వాననీరు అదనం.

ట్యాంకులో మిగిలిన బురద కథ వేరు. దాని బీఓడీ లీటరుకు వేల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. 7,000 అనుకుంటే, 4,000 లీటర్ల ట్యాంకరు ఒక్కటి 28 కిలోల బీఓడీని మోస్తుంది. అది సుమారు వెయ్యిమంది ఒక రోజులో విడిచే దానితో సమానం. అటువంటి ట్యాంకరును ఒక చిన్న కేంద్రంలో ఒక్కసారిగా కుమ్మరిస్తే తొట్టి తట్టుకోలేదు. చెరువులో కుమ్మరిస్తే చేపలు తట్టుకోలేవు. ఏళ్ల తరబడి ట్యాంకులో కుళ్లిన ఈ బురదలో తేలికగా జీర్ణమయ్యే భాగం ముందే ఖర్చయిపోతుంది. కాబట్టి దీనికి గాలి యంత్రాల కంటే ఘనద్రవ విభజన, ఆరబెట్టే మళ్లు, రోగకారక క్రిముల నిర్మూలన ముఖ్యం. ఇందుకు ప్రత్యేక కేంద్రం ఎలా ఉండాలో చూడటానికి దూరం వెళ్లనక్కరలేదు, వరంగల్ నగర సమీపంలోని అమ్మవారిపేటలో ఉంది. మలవ్యర్థాల నిర్వహణపై జాతీయ విధానం 2017లో వచ్చింది.

4. ఒకే రంగు, వేరు స్వభావం

భూపాలపల్లిలోని కాకతీయ ఖని గనుల వంటి వాటి నుంచి తోడే నీరు బురదరంగులో ఉంటుంది. చూపుకు అది భయపెడుతుంది, కానీ అందులో సేంద్రియ పదార్థం స్వల్పం. ఉన్నది బొగ్గుపొడి, బంకమన్ను. సూక్ష్మజీవులకు అక్కడ ఆహారం లేదు. నీటిని నిలవబెట్టి తేర్చడం, అవసరమైతే పటిక వేయడం దాని చికిత్స. బొగ్గుగనులకు 2000 సంవత్సరంలో నిర్ణయించిన ప్రమాణం కూడా అవలంబిత ఘనపదార్థాలను లీటరుకు 100 మిల్లీగ్రాములకు పరిమితం చేస్తూ ఈ స్వభావాన్నే గుర్తిస్తుంది. చెల్పూరు థర్మల్ కేంద్రపు బూడిదనీటికీ తేర్పే మొదటి మెట్టు.

ఉప్పుడు బియ్యపు మిల్లు నానుడు నీరు దీనికి పూర్తిగా విరుద్ధం. యాసంగి వడ్లు మర పట్టినప్పుడు నూక ఎక్కువ వస్తుంది కనుక వాటిని నానబెట్టి ఉడికించడం తెలంగాణలో విస్తరించింది. ఆ నానుడు నీరు లేత పసుపు రంగులో, గనినీటి కంటే 'శుభ్రంగా' కనిపించవచ్చు. నిజానికి అందులో చక్కెరలు, పిండిపదార్థం కరిగి ఉంటాయి. బీఓడీ వెయ్యి దాటడం అసాధారణం కాదు. కొన్ని గంటలకే పులిసి ఆమ్లగుణం పొందుతుంది. ఎంత తేర్చినా కరిగిన చక్కెర అడుగుకు దిగదు. ముందు సున్నంతో ఆమ్లత్వాన్ని సరిదిద్ది, వాయురహిత తొట్టిలో మీథేన్‌గా మార్చి, మిగిలినదానికి గాలి పట్టించాలి. సరిదిద్దకుండా పంపితే మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు ముందుగా చనిపోతాయి. మహబూబాబాద్ వంటి వరి జిల్లాలో పట్టణపు మురుగును, మిల్లు నీటిని ఒకే కేంద్రానికి మళ్లించే ఆలోచన చేసేవారు ఈ ఆమ్లత్వాన్ని మొదట కొలవాలి.

5. ఉష్ణోగ్రత, ప్రమాణాలు

వేడి ఈ ప్రాంతానికి వరమూ శాపమూ. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. గాలి యంత్రానికి కరెంటు ఖర్చు పెరుగుతుంది. అదే వేడి వాయురహిత పద్ధతులకు, నిలువ కుంటలకు అనుకూలం. యూరప్‌లో తొట్టిని వేడిచేయవలసిన పనిని ఇక్కడ ఎండ ఉచితంగా చేస్తుంది. భూమి దొరికే చిన్న పట్టణాలకు కుంటల పద్ధతిని పాతదని తోసిపుచ్చడం తొందరపాటు.

అయితే ప్రమాణాలు ఈ వెసులుబాటును కుదిస్తున్నాయి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2017 అక్టోబర్ నోటిఫికేషన్ మహానగరాలు కాని చోట్ల బీఓడీకి 30, అవలంబిత ఘనపదార్థాలకు 100 మిల్లీగ్రాముల పరిమితి విధించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ ఉత్తర్వు వాటిని 10కి, 20కి దించి, నత్రజని, భాస్వరాలనూ చేర్చింది. కుంట నుంచి బయటికి వచ్చే నాచే ఘనపదార్థంగా లెక్కకు వస్తుంది కనుక కుంట ఒక్కటే 20ని అందుకోవడం కష్టం. దాని తర్వాత ఇసుక వడపోత గానీ, తుంగ, జమ్ము పెంచిన మడి గానీ కావాలి. నత్రజని తొలగించడానికి ముందు అమ్మోనియాను నైట్రేటుగా మార్చాలి; ప్రతి గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల క్షారత్వం ఖర్చవుతాయి. జనగామ రాతినేలల బోరునీటిలోని క్షారత్వం, ఇతరత్రా ఇబ్బందే అయినా, ఇక్కడ మాత్రం అక్కరకు వస్తుంది. అది ఎంత ఉందో తెలియడానికి ఒక్క పగటి నమూనా చాలదు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది గంటల వరకు పారే నీరు, మధ్యాహ్నపు నీరు, అర్ధరాత్రి నీరు వేరువేరు. వాటిని ప్రవాహ పరిమాణానికి తగిన పాళ్లలో కలిపి, వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి పరీక్షించాలి. ఆ పరీక్ష టెండరు పిలవడానికి ముందే జరగాలి.