రెండో జెర్సీ ఎందుకు? దాన్ని ఏటా మార్చాలా?

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ రెండింటిదీ పసుపు రంగే. హోమ్ జట్టు హోదా హైదరాబాద్‌కు దక్కడంతో కేరళ నలుపు జెర్సీతో దిగాల్సి వచ్చింది. గ్యాలరీల్లో అభిమానులు పసుపు చొక్కాల్లో, మైదానంలో వాళ్ల ఆటగాళ్లు నలుపులో! పెనాల్టీల్లో 3-1తో హైదరాబాద్ కప్పు గెలిచింది.

ఆ హైదరాబాద్ జట్టే 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా రాజధానికి తరలిపోయింది. అంతకుముందు 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. జట్టే ఊరు మారుతుంటే అభిమాని చేతిలో మిగిలేది పాత జెర్సీ ఒక్కటే. అందుకే దాని రంగు చిన్న విషయం కాదు.

నిబంధన ఏం చెబుతోంది?

ఫుట్‌బాల్‌లో రెండు జట్ల రంగులు స్పష్టంగా వేరుగా కనిపించాలి, రిఫరీల దుస్తులతోనూ కలవకూడదు. పాస్ ఎవరికి ఇవ్వాలో ఆటగాడు క్షణంలో తేల్చుకోవాలి కదా. 1996 ఏప్రిల్‌లో సౌతాంప్టన్‌పై బూడిద రంగు జెర్సీతో ఆడిన మాంచెస్టర్ యునైటెడ్, విరామానికి 3-0తో వెనకబడి, రెండో సగంలో జెర్సీలే మార్చేసింది. సహచరులు సరిగా కనిపించడం లేదన్నది వాళ్ల వాదన. చివరికి 3-1తో ఓడింది.

మరి ఐపీఎల్‌లో?

క్రికెట్‌లో ఈ ఇబ్బంది తక్కువ. బ్యాటు పట్టుకున్నదెవరో, ఫీల్డింగ్ చేస్తున్నదెవరో ఇట్టే తెలుస్తుంది. ఢిల్లీ, ముంబై రెండూ నీలంలోనే ఆడతాయి. ఐసీసీ టోర్నీల్లో మాత్రం రంగులు కలిస్తే మార్చుకోవాల్సిందే. 2019 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌పై భారత్ నారింజ జెర్సీ వేసుకున్నది అందుకే.

ఐపీఎల్‌లో ప్రత్యేక జెర్సీ వెనక ఉండేది అవసరం కాదు, సందేశం. బెంగళూరు 2011 నుంచి పర్యావరణం పేరిట ఆకుపచ్చ వేసుకుంటోంది. 2023 మే 20న అరుణ్ జైట్లీ స్టేడియంలో ఢిల్లీ క్యాపిటల్స్ దేశ వైవిధ్యానికి గుర్తుగా ఇంద్రధనుస్సు జెర్సీతో చెన్నైపై ఆడి, 77 పరుగులతో ఓడింది. అదే రోజు కోల్‌కతాలో లక్నో జట్టు మోహన్ బగాన్ రంగుల్లో దిగింది. ఆ రెండు జట్ల యజమాని ఒకరే. అంటే సందేశంతో పాటు మార్కెట్ లెక్క కూడా ఉంటుంది.

ఏటా మార్చాలా?

కొత్త డిజైన్ వస్తే అమ్మకాలు పెరుగుతాయి, స్పాన్సర్‌కు ప్రచారం దొరుకుతుంది. కానీ ఆ ఖర్చు మోసేది అభిమానే. పిల్లలున్న ఇంట్లో అది ఒక్క చొక్కాతో ఆగదు. పైగా జెర్సీలు ఎక్కువగా పాలిస్టర్‌వే. పాతబడ్డాక మట్టిలో కలవవు.

మరో దారి ఉంది. ఇంగ్లండ్‌లో బ్రెంట్‌ఫోర్డ్ క్లబ్ తన హోమ్ జెర్సీని 2021 నుంచి 2023 వరకు రెండు సీజన్లు కొనసాగించింది. అభిమానుల ఖర్చు, పర్యావరణం దృష్ట్యానే ఆ నిర్ణయం. హోమ్ జెర్సీకే అది సాధ్యమైనప్పుడు, ఏడాదికి కొన్ని మ్యాచ్‌ల్లో వాడే రెండో జెర్సీకి ఎందుకు కాదు?

రంగులు కలిసే చోట రెండో జెర్సీ ఉండాల్సిందే. దాన్ని రెండు మూడేళ్లకోసారి మారిస్తే చాలు. సందేశం కోసం వేసే జెర్సీ అయితే ఏటా అదే తిరిగి రావడమే మేలు. బెంగళూరు ఆకుపచ్చ జనం మనసులో నిలిచింది అలాగే.