పెరటి దీపం సరే, మంచం మీది ఫ్యాను మాటేమిటి?

మన పల్లె ఇళ్ళలో మరుగుదొడ్డి చాలావరకు ఇంటి వెనుక, పెరట్లోనే ఉంటుంది. దాని లైటు స్విచ్చి వెనుక వసారా గోడకు ఉంటుంది. అర్ధరాత్రి లేచిన పెద్దలు ఆ స్విచ్చి దాకా చీకట్లో తడుముకుంటూ వెళ్ళాలి. పిల్లలను లేపడం ఎందుకని లైటు వేయకుండానే వెళ్ళివచ్చేవారూ ఉన్నారు. ఇటువంటి ఇళ్ళకు, మనిషి అలికిడికి దానంతట అదే వెలిగే సెన్సార్ లైటు నిజంగా మేలైన వస్తువు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. అయితే లైటు బాగా పనిచేసింది గదా అని అదే సెన్సారును పడకగది ఫ్యానుకూ తగిలిస్తున్న కుటుంబాలను మేము చూస్తున్నాము. ఈ వ్యాసం ముఖ్యంగా వారి నిమిత్తమే.

ఆ చిన్న పరికరం ఏమి చూస్తుందో మొదట తెలుసుకుందాము. మన శరీరపు వేడి నుండి కంటికి కనబడని పరారుణ కిరణాలు ఎప్పుడూ వెలువడుతుంటాయి. సెన్సారు మీద బోర్లించిన తెల్లని ప్లాస్టిక్ మూతను దగ్గరగా చూస్తే తేనెపట్టులా సన్నని గళ్ళు కనిపిస్తాయి. అవి ఎదుటి స్థలాన్ని భాగాలుగా విడదీస్తాయి. వెచ్చని శరీరం ఒక భాగం నుండి మరొక భాగంలోకి కదిలినప్పుడు లోపలి పరికరం ఆ మార్పును పసిగట్టి దీపం వెలిగిస్తుంది. దీనిని పి.ఐ.ఆర్. సెన్సార్ అంటారు. అంటే అది చూసేది మనిషిని కాదు, మనిషి కదలికను. కదలని మనిషి దానికి గోడతో సమానం.

ఇక్కడే చిక్కు వస్తుంది. నడిచేవానికి దీపం కావాలి. ఫ్యాను అలా కాదు, అది ఎక్కువగా కావలసింది కదలకుండా పడుకున్నవానికే.

మాకు తెలిసిన ఒక ఇంట్లో మంచం పట్టిన అమ్మమ్మగారి గదిలో మనుమడు ఎంతో ప్రేమతో ఇటువంటి ఏర్పాటు చేశాడు. లేచి స్విచ్చి వేయలేదు గనుక ఫ్యాను దానంతట అదే తిరుగుతుందని అతని ఆలోచన. ఆమెకు కునుకు పట్టిన కాసేపటికల్లా ఫ్యాను ఆగిపోయేది. చెమటలు పట్టి మెలకువ వచ్చేది. "గాలి కావాలంటే నేను అస్తమానం చెయ్యి ఊపుతుండాలా నాయనా?" అని ఆమె అడిగిన తరువాత గాని ఇంట్లోవారికి సంగతి తెలియలేదు. ఆమె చెప్పగలిగింది. మాట పడిపోయినవారు, ఉయ్యాలలోని పసిబిడ్డ ఎలా చెప్పగలరు?

మరొక సంగతి కూడా ఉన్నది. ఈ సెన్సారు శరీరపు వేడికీ చుట్టూ ఉన్న వేడికీ గల తేడాను బట్టే పనిచేస్తుంది. మన మే నెలలో గోడలు, నేల కాగి మనిషి చర్మమంత వేడెక్కినప్పుడు ఆ తేడా దాదాపు ఉండదు. అప్పుడు కదిలే మనిషిని సైతం అది సరిగా పట్టుకోలేదు. ఫ్యాను అత్యవసరమైన రోజుల్లోనే దాని చూపు మందగిస్తుందన్నమాట. 2015 మే నెలలో వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వృద్ధుల గదిలో ఫ్యాను ఆగడం చిన్న విషయం కాదు.

పెరటికి వద్దాము. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఈ మరణాలు ఎక్కువగా సంభవించిన రాష్ట్రాలలో తెలంగాణతో కలిపిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. కట్లపాము తిరిగేది రాత్రివేళనే. దీపం పామును రాకుండా ఆపలేదు. కాని అడుగు వేయకముందే దానిని చూపిస్తుంది. సెన్సారును ఏడెనిమిది అడుగుల ఎత్తున, నడిచేవారు దాని ఎదుట అడ్డంగా దాటేటట్టు బిగించాలి. సూటిగా దాని వైపే నడిచివస్తే ఆలస్యంగా గుర్తిస్తుంది. కుక్కలకు, మేకలకు కూడా వెలుగుతుంది, విసుక్కోకండి. చాలావాటికి అడుగున చిన్న తిరుగుడు మరలుంటాయి. ఒకటి ఎంత చీకటి పడ్డాక పనిచేయాలో, మరొకటి ఎంతసేపు వెలగాలో నిర్ణయిస్తుంది. మరుగుదొడ్డిలోపల పెడితే కనీసం ఐదు నిమిషాలకు తిప్పి ఉంచండి. కదలకుండా కూర్చున్న ముసలివారి మీద దీపం ఆరిపోతే కంగారుపడి లేచి పడిపోగలరు.

కరెంటు బిల్లు తగ్గుతుందా అని కొందరు అడుగుతారు. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు మరచిపోయి రాత్రికి పది గంటలు వెలిగినా నెలకు మూడు యూనిట్లు కూడా కాదు. సెన్సారు మిగిల్చేది అందులో కొంత మాత్రమే. అదే 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాను పెడితే, రోజుకు పది గంటల వాడకానికి నెలకు పదమూడు యూనిట్లకు పైగా మిగులుతుంది. సీలింగు ఫ్యాన్లకు 2023 జనవరి 1 నుండి నక్షత్రాల గుర్తు తప్పనిసరి అయింది గనుక, కొనేటప్పుడు ఎక్కువ నక్షత్రాలున్నది చూచుకోవచ్చు. మా లెక్కలో పొదుపు కోసమైతే ఫ్యాను మార్చాలి, భద్రత కోసమైతే సెన్సారు దీపం పెట్టాలి.

ఫ్యానుకు ఏదో ఒక ఏర్పాటు కావాలనుకుంటే గది వేడిని బట్టి వేగం మార్చుకునే ఫ్యాన్లు ఉన్నాయి. తెల్లవారుజామున చల్లబడగానే నెమ్మదిస్తాయి, మనిషి కదిలినా కదలకపోయినా వాటికి ఒకటే. ఊపిరికి ఛాతీ కదలడాన్ని కూడా గుర్తించే రాడార్ సెన్సార్లు వచ్చాయి గాని, పలుచని గోడ అవతలి కదలికకు కూడా స్పందించవచ్చు. రోగి ఉన్న గదికి మాత్రం మంచం మీద చేతికందేచోట ఒక మామూలు స్విచ్చి, లేదా రిమోటు చాలు. అంతకు మించినది అనవసరమని మా అభిప్రాయం.

బిగించే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. సెన్సారు చెడినా దీపం వెలిగేలా పక్కన మామూలు స్విచ్చి కూడా పెట్టించండి. కరెంటు పోయి వచ్చాక సెన్సారు కుదురుకోవడానికి అర నిమిషం నుండి నిమిషం వరకు పట్టవచ్చు, కరెంటు లేనప్పుడు అసలు వెలగదు. టార్చిలైటు ఎప్పటిలాగే తలగడ పక్కన ఉండనివ్వండి.